అవధానము – చేతిఫోను

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో వేసవి ముంగిట మిరపకోత ముమ్మరముగా సాగును. కోసిన కాయలను కళ్లములో ఆరబోసి, తాలుకాయలను ఏరివేయుదురు. పదవ తరగతి పరీక్షలు వచ్చునదియు ఆ దినములలోనే. గుంటూరు మిరపయార్డులో ఆనాటి ధర తెలిసికొనుటకు తండ్రికి ఫోను కావలెను. పాఠములకై కుమారునకును అదియే కావలెను. అయితే ఒక్క నిమిషము చూతమని తీసిన ఫోను తరచుగా ఒక గంటను హరించును. ఇది కేవలము సోమరితనము కాదు. దీనికి మనశ్శాస్త్రము కారణము చెప్పుచున్నది.

మనస్సు ఒక విషయమును పట్టుకొని, తక్కినవానిని విడిచిపెట్టుటయే అవధానము. కాయలు ఏరువారి కన్ను రంగులోని తేడాను మాత్రమే వెదకును. మధ్యలో దృష్టి మరలినచో తాలుకాయ మంచికాయలలో కలిసిపోవును.

పని మాటిమాటికి మార్చినచో కాలము ఎక్కువ పట్టునని ఆర్థర్ జెర్సిల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1927లో కూడికలు, తీసివేతలతో చూపెను. దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. విద్యార్థులు మొదట 'క' నుండి 'మ' వరకు 25 అక్షరములను, పిదప 1 నుండి 25 వరకు అంకెలను వ్రాసి, పట్టిన కాలమును గుర్తింపవలెను. తరువాత క, 1, ఖ, 2 అని ఒకటి విడిచి ఒకటి వ్రాయవలెను. వ్రాసినవి అవే 50 గుర్తులైనను, సాధారణముగా రెండవమారు కాలమును, తప్పులును పెరుగును. చదువు నడుమ ఫోను చూచినపుడు జరుగునదియు ఇట్టిదే.

మరి మనస్సు ఫోనువైపే ఏల పోవును? పావురము ముక్కుతో మీట పొడిచినపుడు గింజ పడునట్లు అమర్చి స్కిన్నరు పరిశోధించెను. ఎన్ని పోట్లకు గింజ పడునో తెలియనపుడు పావురము విరామమెరుగక పొడుచుచుండెను. ఈ ప్రయోగములను వివరించు గ్రంథమును ఫెర్‌స్టరుతో కలిసి ఆయన 1957లో ప్రకటించెను. సామాజిక మాధ్యమములందును ఏ త్రోపులో ఇష్టమైన చిత్రము వచ్చునో తెలియదు. అందుచేతనే వ్రేలు ఆగదు.

దూరముగా నుండుటవలన ఫలమేమి? 2018లో అమెరికాలో ఆర్థికశాస్త్రజ్ఞులు కొందరికి సొమ్మిచ్చి నాలుగు వారములు ఫేస్‌బుక్కు మాన్పించిరి. వారికి దినమునకు సగటున సుమారు 60 నిమిషములు మిగిలెను. సంతోషము కొంచెము హెచ్చెను. వార్తల పరిజ్ఞానము మాత్రము తగ్గెను. గడువు ముగిసిన పిమ్మటను వారు మునుపటికంటె తక్కువగానే వాడిరి.

కావున ఫోనును పూర్తిగా విడువనక్కరలేదు. వేళ నిర్ణయించుకొనుట మేలు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా వడ్‌గావ్ గ్రామములో 2022లో ఇట్టి ఏర్పాటు జరిగినది. సాయంకాలము 7 గంటలకు సైరను మ్రోగగానే ఊరివారు గంటన్నరసేపు ఫోనులు, టెలివిజన్లు కట్టివేయుటకు సమ్మతించిరి. ఒక్క పిల్లవాని నిగ్రహముపై భారము మోపక, ఊరంతయు కలిసి పాటించుటయే ఇందలి విశేషము.

మిరప పండించు ఇంటిలోను ఇది సాధ్యమే. ధర చూచుటకు ఒక వేళ, పాఠము వినుటకు ఒక వేళ ఏర్పరచుకొని, తక్కిన సమయమున సూచన ధ్వనులను ఆపి ఫోనును వేరొక గదిలో ఉంచవచ్చును. తండ్రియు అట్లే చేసినచో కుమారునకు సులభమగును. విద్యార్థులచేత మూడు దినములు ఫోను వాడిన కాలమును వ్రాయించి, ఉపాధ్యాయులు ఈ ప్రయత్నమునకు నాంది పలుకవచ్చును.