విభ, సంతమసం

కొయ్యూరు మన్యంలో చైత్రమాసపు రాత్రులలో మఘ నక్షత్రం దాదాపు నడినెత్తికి వస్తుంది. దానికి దక్షిణంగా విభ అనే నక్షత్రముంది. చిన్న దూరదర్శిని లేనిదే కనబడదు. దాని వెలుతురు మనను చేరడానికి 300 ఏండ్లకు పైగా పడుతుంది.

బృహస్పతికి కనీసం ఒకటిన్నర రెట్లు ద్రవ్యరాశిగల గ్రహమొకటి దాని చుట్టూ తిరుగుతున్నది. సూర్యునికి మనం 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాం. ఆ గ్రహం తన నక్షత్రానికి సుమారు 52 లక్షల కిలోమీటర్లలోనే ఉంది. ప్రదక్షిణానికి రెండు రోజుల మూడు గంటలు. ఏజెన్సీలో వారపు సంత మళ్ళీ కూడేలోగా మూడుమార్లు చుట్టివస్తుందన్నమాట!

2006లో దీనిని కంటితో చూసి కనుగొనలేదు. గ్రహం లాగుతుంటే నక్షత్రమూ కొద్దిగా ఊగుతుంది. మనవైపు వచ్చేటప్పుడు దాని వర్ణపటంలోని గీతలు నీలంవైపు, దూరమయ్యేటప్పుడు ఎరుపువైపు జరుగుతాయి. ఎంతెంత జరిగాయో కొలిస్తే గ్రహం బరువు తేలుతుంది. కక్ష్య వాలు మాత్రం దీనివల్ల తెలియదు; ‘కనీసం’ అన్నది అందుకే.

అంతర్జాతీయ ఖగోళ సంఘం 2019లో పేర్లు పెట్టే అవకాశం భారతదేశానికిచ్చింది. కాస్మిక్ కిరణాలను పరిశోధించిన బిభా చౌధురి పేరు నక్షత్రానికి దక్కింది. జీవించి ఉండగా ఆమెకు రావలసినంత కీర్తి రాలేదు. గ్రహానికి సంతమసమని పేరు. మబ్బు కమ్మినదని పెట్టినవారి భావం. మన నిఘంటువులలో అది కటికచీకటి. కాగిపోయే గ్రహానికి చీకటి పేరేమిటనిపిస్తుంది. ఐతే ఇంత దగ్గరి గ్రహం ఎల్లప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అదే నిజమైతే దాని వెనుకభాగాన ఎన్నడూ తెల్లవారదు.