పుస్తకముల వెంట భాగ్యనగరము



మన మహేశ్వర ప్రాంతమున భాగ్యనగరము చూడనివారు అరుదు. కచ్చేరి పనికో, ఆసుపత్రికో, పెండ్లిబట్టలకో పోయి, ప్రొద్దు క్రుంకకమునుపే మరలి వత్తుము. ఇట్టి రాకపోకలవలన బజారు తెలియును గాని నగరము తెలియదు. నాకు ఆ నగరముపై మమత కుదిర్చినవి పుస్తకములు. తిరిగిన వీథులనుగూర్చియే చదివి, మరల తిరిగితిని. ఆ త్రోవను మీకు విన్నవించెదను.

మొదట చదువదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసి. 1830లో కాశికి బయలుదేరి, కృష్ణ దాటి, దక్షిణపు దారిని హైదరాబాదు చేరెను. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచ్చట బియ్యము దొరకును, దారి రాతినేలయా రేగడియా అని దినదినమును వ్రాసి ఉంచెను. ఆయన గతించిన పిమ్మట మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో దానిని అచ్చువేయించిరి. ఆ దక్షిణపు దిక్కుననే 2008 నుండి శంషాబాదు విమానాశ్రయము నడచుచున్నది. విమానమున దిగువానికి దారి కనబడదు. పల్లకిలో పోయినవాడు దానిని మనకు దాచి పెట్టెను.

పిదప నగరము పుట్టుక. చార్మినారును 1591లో కట్టించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా స్వయముగా కవి. ఆయన దక్కనీ కవితలలో తెలుగు మాటలు కలసియున్నవి. తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చెను. ఆ కాలముననే పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెలుగున ‘యయాతి చరిత్ర’ రచించి, పొట్లచెరువు అమీనుఖానునకు కృతి యిచ్చెను. ఆ పొట్లచెరువే నేటి పటాన్‌చెరువు. ఈ సంగతు లెరిగి చార్మినారు క్రింద నిలువుడు. అది పరాయివారి కట్టడమని తోచదు.

పుస్తకము నగరపు కన్నీటిని సైతము దాచును. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొనెను. అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూ కవి ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని, తాను మాత్రము బ్రదికి, ఆ దుఃఖమును కవితగా వ్రాసెను. అట్టి ఆపద మరల రాకుండుటకే 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తిచేసిరి. శంషాబాదు చెంత ఆ కట్టను చూచునపుడు నాకు నీటికంటె ముందు ఆ కవి జ్ఞప్తికి వచ్చును.

ఇట్టి గ్రంథములను వెదకువారికి నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ఉర్దూ రాజభాషగా నున్న దినములలో, 1901లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు దానిని నెలకొల్పిరి.

నేడు నగరమే మనవైపు నడచి వచ్చుచున్నది. చేలు ఇండ్ల స్థలములైనవి. కుంటల పేర్లు మనుమలకు తెలియవు. మన శివగంగ దేవళమును తానీషా మంత్రులగు అక్కన్న మాదన్నలు కట్టించిరని పెద్దలు చెప్పుదురు. చెప్పువారే గాని వ్రాసి ఉంచువారు తక్కువ. చెప్పినది చెప్పినవానితోనే పోవును.

కావున మీకు నా మనవి యొకటి. ఈసారి పట్టణమునకు పోవుటకు ముందు వీరాస్వామయ్యగారి పుస్తకమున కొన్ని పుటలు చదువుడు. మరలి వచ్చిన పిమ్మట మనుమని చెంత కూర్చుండబెట్టుకొని, మీ యూరి చెలకల పేర్లు, బావుల పేర్లు, పాత బండ్లబాట పోయిన తీరు ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. వీరాస్వామయ్యగారు చరిత్రకారులు కారు, కచ్చేరి ఉద్యోగి. కన్నది కన్నట్లు వ్రాసినందువలననే వారి దారి నేటికిని చెరగలేదు. మన యూరి దారియు చెరగకుండు గాక!