పాత రూపాయి వెల

బోరబండలో మా పొరుగింటి కుర్రవాడొకడు తాతగారి పెట్టెలో దొరికిన హాలీ సిక్కా వెండి రూపాయిని చింతపండుతో తళతళలాడేట్టు తోమి తెచ్చి, “దీని వెల ఎంత, మాస్టారూ?” అని అడిగాడు.

పాతదైనంత మాత్రాన నాణెమునకు వెల రాదు. అట్టివి ఎన్ని మిగిలినవి, ఎంత అరిగినవి అన్నవే సంగ్రాహకుని ప్రశ్నలు. చార్మినారు ద్వారములో ‘మీమ్’ అక్షరముంటే మహబూబ్ అలీఖాన్ నాణెము. ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ తొలి రూపాయలపై ఐన్ సగమే కనిపిస్తుంది. తరువాతివాటిపై పూర్తిగా ఉంటుంది. ఆ చిన్న భేదమే వెలను మార్చగలదు.

కుర్రవాని రూపాయిపై ఉన్నది సగపు ఐనే! కాని కాలము పూసిన నలుపును చింతపండు తినివేసింది; సంగ్రాహకులు మెచ్చేది ఆ నలుపునే.

“పెట్టెలో ఇంకా ఉన్నవా?”

“నాలుగున్నవండీ.”

“వాటిని తోమకు నాయనా. అంచులు పట్టుకొని చదువు, విడివిడిగా దాచు.”