కట్టుబడి

రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే దారిలో బైర్లూటి దగ్గర గేటు పడుతుంది. మళ్లీ తీసేది తెల్లారి ఆరింటికే. లారీలు వరసకట్టి ఆగుతాయి. డ్రైవర్లు దుప్పటి పరుచుకుంటారు. ఆలస్యంగా బయల్దేరిన శ్రీశైలం భక్తులు టీ బంకు ఎక్కడుందా అని చూస్తుంటారు. గేటు అవతల రాత్రంతా నల్లమల పులులది. ఆ అడవి లోపల బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో ఎక్కువమంది చెంచులే. అటవీశాఖ వాళ్లను ప్రొటెక్షన్ వాచర్లు అంటుంది. ఖాకీ చొక్కా, చేతికర్ర, టార్చిలైటు, భుజాన నీళ్ల సీసా. పొద్దున నడిచిన బాటలోనే సాయంత్రం మళ్లీ నడుస్తూ, వాగు ఇసుకలో కొత్త జాడ పడిందేమోనని వంగి చూసుకుంటారు. పర్మనెంటు ఉద్యోగం కాదు, కూలి లెక్క. అయినా కబురొస్తే ఏ వేళప్పుడైనా లేచి పోవలసిందే.

వాళ్లను చూసినప్పుడల్లా నాకు మన సీమలో వాడుక తప్పిపోయిన ఒక పాత మాట గుర్తుకొస్తుంది. కట్టుబడి.

ఇవాళ మనం మాటకు కట్టుబడి ఉన్నాం అంటాం. రెండు వందల ఏళ్ల కిందట మన సీమలోని రేనాడులో కట్టుబడి అంటే ఒక మనిషి. ఊళ్లో కాస్త మాన్యం ఉంటుంది. దానికి నామమాత్రంగా శిస్తు కడతాడు, లేదంటే అసలే కట్టడు. అందుకు బదులుగా ఊరి పొలిమేర కాస్తాడు, దొంగల జాడ తీస్తాడు, కనుమ దారిలో బాటసారులకు తోడు నడుస్తాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లను ఏలే పాలెగాడు కబురు పెట్టాడంటే కత్తో బల్లెమో అందుకుని వచ్చేస్తాడు. మిగతా రోజుల్లో కొర్రలు, జొన్నలు పండించుకునే మామూలు సేద్యగాడు. అతను పాలెగాడికి కట్టుబడి. పాలెగాడు అతని మాన్యానికి కట్టుబడి. ముడి రెండు వైపులా ఉండేది. అందుకే ఆ మాట నాకు అంత ఇష్టం.

ఈ ముడి మన సీమకే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం కూడిందీ ఇలాంటి పిలుపుతోనే. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున దక్షిణ కరోలినా తీరంలో, ఛార్లెస్టన్ రేవు ముందున్న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. బానిసత్వాన్ని వదులుకోలేక అప్పటికే ఏడు దక్షిణాది రాష్ట్రాలు యూనియన్ నుంచి విడిపోయి ఉన్నాయి. అధ్యక్షుడిగా అబ్రహాం లింకన్ ప్రమాణం చేసి ఆరు వారాలే అయింది. చేతిలో ఉన్న పటాలం చూస్తే సుమారు 16,000 మంది. వాళ్లలో ఎక్కువమంది ఎక్కడో పడమటి సరిహద్దు ఠాణాల్లో చెదిరి ఉన్నారు. ఏప్రిల్ 15న ఆయన 1795 నాటి మిలీషియా చట్టాన్ని ఆధారం చేసుకుని 75,000 మంది కావాలని ప్రకటన ఇచ్చాడు. గడువు మూడు నెలలు. మిలీషియా అంటే జీతానికి బతికే సైన్యం కాదు. పొలం దున్నుకునేవాడు, చెప్పులు కుట్టేవాడు, బళ్లో పాఠం చెప్పేవాడు కబురు అందగానే తుపాకి పట్టుకుని వచ్చి నిలబడాలి. పాలెగాడి కబురుకు కట్టుబడి వచ్చినట్టే.

ఏ రాష్ట్రం ఎన్ని పటాలాలు పంపాలో లెక్క కట్టి గవర్నర్లకు తంతులు కొట్టారు. ఉత్తరాదిన అడిగినదాని కంటే ఎక్కువమంది పేర్లు రాయించుకున్నారు. కెంటకీ, మిస్సోరీ గవర్నర్లు ఒక్క మనిషినీ పంపేది లేదని తెగేసి చెప్పారు. వర్జీనియా రెండు రోజులు తిరక్కుండానే విడిపోవడానికి ఓటేసింది. ఆ వెనకే ఆర్కన్సా, నార్త్ కరోలినా, టెనసీ నడిచాయి. తమ సాటివాళ్ల మీదికి తామే కత్తి పట్టుకుని పోవాలా అన్నది వాళ్ల ప్రశ్న. ఒకే పిలుపు ఒక వైపు జనాన్ని కూడగట్టింది, ఇంకో వైపు నాలుగు రాష్ట్రాలను ఎదుటి పక్షంలో చేర్చింది. ఏప్రిల్ 19న మసాచుసెట్స్ ఆరో రెజిమెంటు రాజధానికి పోతూ బాల్టిమోర్‌లో రైలు మారుతుంటే వీధుల్లో జనం రాళ్లతో ఎదురుపడ్డారు. నలుగురు సైనికులు, పన్నెండు మంది ఊరివాళ్లు చనిపోయారు.

ఇందులో నేను మరిచిపోలేని చిన్న ఘట్టం ఒకటి ఉంది. ఆ ఏడాది జులై 21న బుల్ రన్ వాగు దగ్గర మొదటి పెద్ద యుద్ధం. సరిగ్గా ఆ పొద్దునే పెన్సిల్వేనియాకు చెందిన నాలుగో రెజిమెంటు మూడు నెలల గడువు తీరిందని మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టింది. వెనక ఫిరంగుల మోత వినబడుతూనే ఉంది. వాళ్లను పిరికివాళ్లని తిట్టినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం వాళ్లు పక్కా కట్టుబడి మనుషుల్లా కనిపిస్తారు. చెప్పిన మాట మూడు నెలలు. ఆ మూడు నెలలూ నిలబడ్డారు.

ఇప్పుడు మన వైపుకు వద్దాం.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలని పేరు పడింది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో తేల్చిన లెక్క ప్రకారం ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30,000 మంది ఆయుధం పట్టిన మనుషులు. లింకన్ అంత పెద్ద దేశం మొత్తానికి పిలిచింది 75,000 మందిని. ఈ నాలుగు జిల్లాల ఎండు నేలలోనే అందులో ఐదింట రెండు వంతుల మంది పిలిస్తే వచ్చేలా ఉన్నారన్నమాట. మన్రో దీన్ని ప్రమాదంగా చూశాడు. ఆయన దృష్టిలో పాలెగాళ్లు దోచుకుని బతికేవాళ్లు. జనరల్ క్యాంప్‌బెల్ పటాలంతో కోటలు పట్టించాడు, కొందరు పాలెగాళ్లను తరిమేశాడు, లొంగినవాళ్లకు నెలవారీ పింఛను కట్టాడు. పాలెగాళ్లలో జనాన్ని పీడించినవాళ్లు ఉన్న మాట నిజమే. రైతు పేరనే నేరుగా పట్టా ఇచ్చిన మన్రోను సీమలో మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. కాని పాలెగాడికి పింఛను దొరికింది, కట్టుబడికి ఏం దొరికింది? మాన్యం మిగిలింది, దాని మీద భరోసా పోయింది.

ఆ భరోసా 1846లో తెగిపోయింది. గుడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ఊళ్లలో మాన్యం అనుభవిస్తున్నవాళ్లు చనిపోతే ఆ భూములను వారసులకు ఇవ్వకుండా ఆ జూన్‌లో కంపెనీ స్వాధీనం చేసుకుంది. ఇంకా కొన్ని ఊళ్లలో మాన్యాలకు కోత పడుతుందని గుప్పుమంది. పెద్దకర్మ కూడా అయిందో లేదో, తండ్రి దున్నిన చెలక కొడుకుది కాదని కచేరీ నుంచి కాగితం వచ్చిన ఇంటిని ఊహించుకోండి. తండ్రి కాపలా కాసిన పొలిమేర అక్కడే ఉంది. కొడుకు చేతిలో కర్రా ఉంది. నేల ఒక్కటే పోయింది.

అదే సమయంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి రావలసిన నెల పింఛను ఆగింది. 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ చిల్లర లెక్క చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. నొస్సం పాలెగాళ్ల మనవడు, మల్లారెడ్డి కొడుకు కచేరీ గుమ్మం ముందు నిలబడి ఆ ఎనిమిది పైసలతో సహా తన లెక్క అడగాల్సి వచ్చింది. అయినా ఆ పింఛనే తిరుగుబాటుకు కారణమని నేను నమ్మను. సినిమా తీసినా, పాట కట్టినా మనం నరసింహారెడ్డి ఒక్కడినే చూస్తాం. పింఛను ఒక్క మనిషిది. ఆ ఒక్కడి కోసం వేలమంది రారు. వాళ్లు వచ్చింది తమ మాన్యాల కోసం. ఆయన పిలిచాడు, నిజమే. పిలవక ముందే వాళ్లు లేచి నిలబడి ఉన్నారు.

జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. మిట్టపల్లి దగ్గర కంపెనీ మనుషులను చంపారు, రుద్రవరం దోచారు. వందలతో మొదలైన గుంపు 5,000 దాకా పెరిగిందని కంపెనీ వాళ్లే రాసుకున్నారు. అందులో బోయలు, వడ్డెలు, చెంచులు ఉన్నారు. రెడ్డి పక్కన నిలబడి నడిపించినవాడు వడ్డె ఓబన్న. గిద్దలూరు వైపు కంపెనీ పటాలంతో తలపడ్డారు. ఒక్క పోరులోనే 200 మంది దాకా చనిపోయారు. మిగిలినవాళ్లు నల్లమలలోకి మళ్లారు.

ఆత్మకూరు నుంచి తూర్పుకు చూస్తే అడ్డంగా నీలంగా కనబడేది అదే నల్లమల. మన ఊరు అప్పటికి ఏడేళ్ల కిందటిదాకా కర్నూలు నవాబుది. నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడని 1839లో కంపెనీ ఆయన్ను దించేసింది. కోయిలకుంట్ల అప్పట్లో కడప కలెక్టరు చేతి కింద ఉండేది. ఇద్దరు దొరల హద్దులకు మధ్య అడవి. ఆ రోజుల్లో దానికి గేటు లేదు. అడవి దారి తెలిసినవాడే దానికి కాపలా. చివరికి అక్టోబరు 6న పేరుసోమల కొండల దగ్గర రెడ్డి దొరికిపోయాడు. ఆ రోజు నలభై యాభై మంది నేలకొరిగారు, 90 మంది పట్టుబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో 2,000 మందికి పైగా జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గోడకు వేలాడదీసి 1877 దాకా ఉంచారు. ముప్పై ఏళ్లు. ఆ దారిన సంతకు పోయే తల్లులు పిల్లల కళ్లు మూసి ఉంటారా, వేలు చూపి కథ చెప్పి ఉంటారా?

ఆ ముప్పై ఏళ్ల నడిమధ్యే లింకన్ పిలుపు వచ్చింది. దాని సెగ మన నల్లరేగడికీ తగిలింది. ఏప్రిల్ 19న దక్షిణాది రేవులను దిగ్బంధించమని లింకన్ ఆజ్ఞ ఇవ్వడంతో అమెరికా పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లుల చూపు ఇటు మళ్లింది. నంద్యాల, కోయిలకుంట్ల పత్తికి రైతులు కలలోనైనా అనుకోని ధర పలికింది. 1865లో యుద్ధం ఆగింది, ధర కూలింది. మరుసటి ఏడే కరువు. ఉయ్యాలవాడలోనే బుడ్డా వెంగళరెడ్డి గంజి కాయించి వేలమంది ప్రాణం నిలిపింది ఆ కరువులోనే.

పిలుపు అందరికీ ఒకేలా అందదని కూడా ఈ రెండు కథలూ చెబుతాయి. 1861లో మేమూ వస్తామని ముందుకొచ్చిన నల్లవాళ్లను వెనక్కి పంపేశారు. 1862 జులైలో చట్టం మార్చాక మెల్లగా చేర్చుకున్నారు. యుద్ధం ముగిసేసరికి సుమారు 1,80,000 మంది నల్లవాళ్లు యూనియన్ తరఫున పోరాడారు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, వాళ్లకు 10, అందులోనూ బట్టలకని 3 కోత. ఏడు డాలర్ల కోసం ప్రాణం పెట్టేది లేదని కొన్ని రెజిమెంట్లు నెలల తరబడి జీతమే తీసుకోలేదు. 1864లో గాని సమానం చేయలేదు. మన దగ్గర వడ్డె ఓబన్న పేరు జనం నోట మిగిలింది. ఈ మధ్యే ప్రభుత్వం జనవరి 11న ఆయన జయంతి జరుపుతోంది. సంతోషం. ఆయన వెనక నడిచిన బోయల పేర్లు, చెంచుల పేర్లు ఎవరికి తెలుసు?

అమెరికాలో ఊరూరా ఆ పిలుపుకు వెళ్లినవాళ్ల పేర్లు రాయి మీద చెక్కి ఉంటాయి. వాళ్ల హాజరు పట్టీలు, పింఛను కాగితాలు భద్రంగా ఉన్నాయి. దక్షిణాది సైన్యం నుంచి పారిపోయి యూనియన్ వైపు చేరిన ఒక సిపాయి, ముసలితనంలో రెండో పెళ్లి చేసుకుంటే పుట్టిన కూతురు 2020 మే 31 దాకా బతికింది. తండ్రి చేసిన కొలువుకు ఆమెకు నెలనెలా పింఛను వచ్చేది. 73 డాలర్ల 13 సెంట్లు. పిలుపు ఇచ్చిన 159 ఏళ్లకు గాని అమెరికా ప్రభుత్వానికి ఆ లెక్క తీరలేదు.

1846లో మన వైపు సుమారు వెయ్యి మంది పేర వారెంట్లు తీశారు. 412 మందిని ఏ కేసూ లేకుండా వదిలారు. 273 మందిని జామీను మీద పంపారు. 112 మందికి శిక్ష వేశారు. ఉరికంబం ఎక్కిన ఒక్కడి పేరు మనకు తెలుసు. ఆ 112 మందికి పేరు రాయకుండా శిక్ష వేసి ఉండరు. తండ్రి పేరు, కులం, ఊరు కూడా రాసే ఉంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో ఏదో కట్టలో, పురుగు తినకుండా ఉంటే, ఆ వరస ఉండాలి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఆత్మకూరు, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, రుద్రవరం అన్నీ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. తలారి మాన్యం అని ఇప్పటికీ పిలిచే పొలాలు ఈ పల్లెల్లో ఉన్నాయి, దున్నేవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియకపోయినా. జిల్లా తరఫున ఎవరైనా వెళ్లి ఆ కట్టలు విప్పించాలి. ఆ 112 పేర్లూ తెలుగులో రాయించి, ఏ ఊరివాళ్ల పేర్లు ఆ ఊరి రచ్చబండ దగ్గర పెట్టించాలి. చదివేటప్పుడు ఎవరో ఒక ముసలాయన కళ్లజోడు సవరించుకుని, ఇది మా తాత ముత్తాతల ఇంటిపేరే అని ఆగుతాడు.