గుండె లోపముతో పుట్టిన శిశువుల నడక

బిడ్డ బోర్లపడినపుడు బొబ్బట్లు, గడప దాటినపుడు గారెలు, అడుగులు వేసినపుడు అరిసెలు పంచుట మన యిండ్ల ఆచారము. ఏ రాష్ట్రమున స్థిరపడినను తెలుగు తల్లులు దీనిని మఱువలేదు. కాని కొందఱు తల్లులకు ఆ బొబ్బట్ల దినము ఎంతకును రాదు. ఇరుగుపొరుగువారు "మావాడు ఈపాటికి ప్రాకినాడు" అందురు. గుండెలో పెద్ద లోపముతో పుట్టిన శిశువు విషయమున ఆ మాట ఎంత అన్యాయమో చెప్పుటకే ఇది వ్రాయుచున్నాము.

నూఱుమంది శిశువులలో సుమారు ఒకరికి పుట్టుకతో గుండెలోపము ఉండును. పెక్కులు స్వల్పములే, కొన్ని మాత్రము ప్రాణాంతకములు. బృహద్ధమనియు, ఊపిరితిత్తులకు పోవు ధమనియు ఒకదానిచోట నొకటి ఏర్పడుట అట్టి లోపము. ప్రాణవాయువు లేని రక్తమే మరల దేహమునకు పోవుటచే బిడ్డ నీలివర్ణము దాల్చును. పుట్టిన కొలదిదినములకే శస్త్రచికిత్స చేసి ధమనులను మార్చి అతుకుదురు.

గుండె బాగుపడినది గదా, ఇంకను ఈ ఆలస్య మేల? అది గర్భమందే మొదలగును. ఇట్టి శిశువుల మెదడు, నెలలు నిండి పుట్టినను, సుమారు ఒక నెల వెనుకబడి యుండునని 2009లో ఒక పరిశోధన తెలిపినది. పుట్టిన పిదప పాలు త్రాగుటయే వారికి కాయకష్టము. నాలుగు గ్రుక్కలకే చెమటపట్టి వదలివేయుదురు. ఇక కండ ఎట్లు పట్టును? శస్త్రచికిత్సా విధానమునకును ఇందు పాలు కలదు. బోస్టన్ నగరమున ధమనుల మార్పిడి జరిగిన శిశువులను ఏడాది వయసున పరీక్షించి 1995లో ఫలితములు ప్రకటించిరి. కదలికల పరీక్షలో 100 సామాన్యము కాగా, చికిత్సవేళ ముఖ్యముగా రక్తప్రసారమును నిలిపివేసిన వర్గమున నూటికి 27గురికి, మందముగా సాగనిచ్చిన వర్గమున 12గురికి 80కి మించని మార్కులు వచ్చినవి.

పిమ్మట ఱొమ్మెముక అతుకువఱకు కొన్ని వారములు బోర్ల పరుండబెట్టరాదు, చంకలక్రింద పట్టి ఎత్తరాదు అందురు. మెడ నిలుపుట, మోచేతులపై లేచుట బోర్లపడియే గదా నేర్చుట! బడికి రాని దినముల పాఠమువలె అది మిగిలిపోవును.

అయితే ఆ గడువు తీరినను భయముచే బిడ్డను ఒడి దింపని తల్లులు కలరు. వారిని మేము తప్పుపట్టజాలము. కాని ఒడిలో ఎవ్వరును ప్రాకుట నేర్వరు. వైద్యుడు సరేయన్న నాటినుండి, మేలుకొనియున్నవేళ, చెంత కూర్చుండి, చాపపై కొద్దికొద్దిసేపు బోర్ల పరుండబెట్టి ఎదుట గిలక ఆడింపవలెను. రొప్పినను, పెదవులు నీలమైనను వెంటనే ఎత్తుకొని వైద్యునికి చూపవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యవంతులైన శిశువులే తమంత నడచుటకు 8 మొదలు 18 నెలల వఱకు తీసికొందురు. గుండె చికిత్స పొందిన బిడ్డకు మాత్రము ఆ గడువు దాటువఱకు వేచియుండక మొదటినుండియు పరీక్షలు చేయించుట మేలు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఇందుకు ఉద్దేశించినదే.

ఆసుపత్రి కాగితములు మన తల్లులు చదువలేని భాషలో ఉండవచ్చును. ఆ భాషను బడిలో నేర్చుచున్న అన్నయో అక్కయో, ఏ దినమునుండి బిడ్డను బోర్ల వేయవచ్చునో, మరల ఎన్నడు చూపవలెనో, వైద్యుని యెదుటనే అడిగి తల్లికి తెలుగున చదివి వినిపింపవలెను.