అవ్వ భుజానికి ఎన్ని మార్కులు?

వేసవి సెలవులకు సోమందేపల్లె వెళ్ళేసరికి మా అవ్వ కుడిచెయ్యి పైకి లేవడం లేదు. కీలు అరిగిపోయింది, మార్చాలి అన్నారు డాక్టర్. అవ్వ అడిగింది ఒక్కటే: "చేపిచ్చుకుంటే మళ్ళా గడ్డిమోపు ఎత్తుకోగలనా అబ్బీ?"

మెషిన్ లెర్నింగ్ చదువుతున్నాం కదా, దీనికేమైనా ఉందేమోనని వెతికాను. ఉంది. భుజం కీలు మార్పిడి ఫలితాన్ని ముందే అంచనా వేసే 'ప్రిడిక్ట్ ప్లస్' అనే సాఫ్ట్‌వేర్‌ని ఎక్సాక్‌టెక్ అనే అమెరికన్ కంపెనీ 2020లో తెచ్చింది. ఆపరేషన్ అయిన వేలమంది రికార్డులతో మోడల్‌ని ట్రైన్ చేశారు. వయసు, ఇతర జబ్బులు, నొప్పి, చెయ్యి ఎంతదాకా లేస్తోంది లాంటివి ఇన్‌పుట్లు. 291 ఇన్‌పుట్ల మోడల్‌నీ, 19 ఇన్‌పుట్ల మోడల్‌నీ పోల్చి చూస్తే కచ్చితత్వంలో పెద్ద తేడా రాలేదట!

ఇంతవరకు బాగుంది. నేను ఆగిపోయింది అవుట్‌పుట్ దగ్గర.

మోడల్ చెప్పేవాటిలో ముఖ్యమైనది 'ఏ.ఎస్.ఇ.ఎస్. స్కోరు'. అమెరికా భుజం, మోచేయి సర్జన్ల సంఘం తయారుచేసిన కొలత. మొత్తం 100 మార్కులు. నొప్పికి 50, పది పనులకు 50. కోటు తొడుక్కోవడం, తల దువ్వుకోవడం, పై అరలో వస్తువు అందుకోవడం, నాలుగున్నర కిలోలు భుజం పైకెత్తడం, బంతి విసరడం... ఇలా. ఒక్కో పనికి 0 నుంచి 3 వేసి, మొత్తాన్ని 50కి మారుస్తారు. 'రోజూ చేసే పని చేసుకోగలరా' అన్నది ఆ పదిలో ఒకటి.

ఇప్పుడు లెక్క చూడండి. నొప్పి పూర్తిగా పోయి, తొమ్మిది పనులకు ఫుల్ మార్కులొచ్చి, 'రోజూ చేసే పని'లో సున్నా వస్తే? 50 + 45 = 95. డిస్టింక్షన్! కానీ అవ్వ మోపు ఎత్తలేదు, చెనిక్కాయ చెట్టు పీకలేదు. ఆమె దృష్టిలో ఆపరేషన్ ఫెయిల్.

మనం ప్రాజెక్టుల్లో అల్గారిథమ్ మార్చి మార్చి చూస్తాం. టార్గెట్ కాలమ్‌లో ఏముందో, దాన్ని ఎవరు నిర్ణయించారో మాత్రం చూడం. మోడల్ నేర్చుకునేది ఆ కాలమ్‌నే.

మన డేటాతో ఇలాంటి పని జరగదా అంటే, కంటి విషయంలో మొదలైంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసింది. అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా సంస్థలూ చేరాయి. కంటి ఆపరేషన్ ఫలితాన్ని ముందే అంచనా కట్టడం ఆ ప్రయత్నంలో ఒక భాగం. భుజానికీ అలాంటిది కావాలి. అయితే ముందు మన ప్రశ్నలు మనం రాసుకోవాలి.

డాక్టర్‌ని మళ్ళీ అడిగితే, "నొప్పి తగ్గుతుందమ్మా, బరువులు మాత్రం ఎత్తకూడదు" అన్నారు. అవ్వ ఇంకా ఒప్పుకోలేదు. "మోపు ఎత్తకుంటే ఆవునెవురు మేపుతారు?" అంటోంది.

దసరాకి ఊరెళ్ళినప్పుడు మా వీధిలో పెద్దవాళ్ళని అడగబోతున్నాను: చెయ్యి బాగైతే మీరు చేయాలనుకునే పది పనులేవి? మొదటిది నాకు తెలుసు. మిగతా తొమ్మిది రాసుకొస్తాను.