నావికుడు నిద్రిస్తే చుక్కాని పట్టేదెవరు?

1960లో ప్లిమత్ నుండి న్యూయార్క్‌కు జరిగిన ఒంటరి నావికుల పందెంలో ఫ్రాన్సిస్ చిచెస్టర్ 40 రోజులలో గెలుపొందారు. ఆయన నిద్రించు వేళ పడవను నడిపినది ‘మిరాండా’ అని ఆయన పేరు పెట్టుకున్న గాలిరెక్క. చుక్కాని పిడిని నేరుగా లాగవలసి ఉన్నందున అది చిన్న తెరచాపంత ఉండేది.

చిన్న రెక్కకు అంత బలం చాలదు. అందుచేత చుక్కాని వెనుక అంచున కీలుపై సన్నని పలకను అమర్చి, రెక్కను దానికి కలుపుతారు. ఇదే ట్రిమ్ ట్యాబ్. పడవ దారి తప్పగానే గాలి రెక్కను, రెక్క పలకను తిప్పుతాయి. పలక ఎడమకు తిరిగితే, పారే నీరు దానిని నెట్టి చుక్కానిని కుడికి త్రిప్పుతుంది. సైగ గాలిది, శ్రమ నీటిది.

అయితే ఈ రెక్కకు దిక్కులు తెలియవు, గాలి ఒక్కటే తెలుసు. గాలి మళ్ళితే పడవా మళ్ళుతుంది. తీరం చేరువలో నావికుడు ఆదమరచి నిద్రించాడా, పడవ రాళ్ళపాలే.